తీర్పరి పీట మీద ఒంటిచుక్క

ఏ రాజ్యం, ఏ కాలం అని నన్ను అడక్కండి. ఒకానొక రాజ్యం, అంతే. రాజుల కథలు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. ఊళ్ల పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రాజు పేరు మాత్రం గుర్తుంది, త్రిభువన భూపతి. పొద్దున గుర్రమెక్కితే సాయంత్రానికి పొలిమేర దాటిపోయేంత నేల ఆయనది. పేరులో మాత్రం మూడు లోకాలూ ఉన్నాయి.

ఈ భూపతికి ఏడాదికో పిచ్చి పట్టేది. ఒక ఏడు వీణ. కొలువంతా చెవుల్లో దూది పెట్టుకుని ఆహా ఓహో అనాల్సి వచ్చింది. ఒక ఏడు వైద్యం. ఆ ఏడు కొలువులో ఎవరికీ తలనొప్పి వచ్చిందని చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ తర్వాత రమలం పట్టుకుంది. నా కథ దాని గురించే.

రమలమంటే తెలియనివాళ్లకు చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. పళ్లెంలో సన్నటి ఇసుక పోస్తారు. ప్రశ్న మనసులో తలుచుకుని, లెక్కపెట్టకుండా, పుల్లతో ఆ ఇసుకలో చుక్కలు పొడుచుకుంటూ పోతారు. తర్వాత వాటిని జంటలు జంటలుగా చెరిపేస్తారు. చివర ఒకటి మిగిలితే చుక్క, రెండు మిగిలితే గీత. అలాంటివి నాలుగు ఒకదాని కింద ఒకటి పేరిస్తే ఒక రూపు అవుతుంది. రూపులు మొత్తం పదహారే. మొదట వేసిన నాలుగు రూపుల్ని తల్లులంటారు. ఆ తల్లుల్నే అడ్డంగా చదివితే నలుగురు కూతుళ్లు వస్తారు. వీళ్లను ఇద్దరిద్దరినీ కలుపుకుంటూ పోతే ఆఖరికి ఇద్దరు సాక్షులు, ఆ సాక్షులిద్దర్నీ కలిపితే ఒకే ఒక్క తీర్పరి. తీర్పరి పీట మీద ఏ రూపు కూర్చుంటే అదే జవాబు. మంచి రూపు అయితే అవును, చెడ్డదైతే కాదు.

ఇది ఎక్కడిదంటే తలా ఒక మాట చెబుతారు. ఎడారిలో దారి తప్పిన ఒక పుణ్యాత్ముడికి దేవదూత దిగివచ్చి ఇసుకలో వేలితో గీసి నేర్పాడని అరబ్బు దేశపు యవనులు అంటారు. కాదు, శివుడే పార్వతికి చెప్పాడని మనవాళ్లు అంటారు. ఓడల మీద గుర్రాలు తెచ్చి అమ్మే అరబ్బులతో పాటు మన రేవుల్లో దిగిందని నేను అనుకుంటాను. దిగాక మనవాళ్లు ఊరుకుంటారా? వచ్చిన చుట్టానికి మన పంచె కట్టించి పంక్తిలో కూర్చోబెట్టారు. ఒక్కో రూపుకు ఒక గ్రహాన్ని, ఒక రాశిని తగిలించారు. ఇది శని రూపు, ఇది కుజుడిది, ఇది చంద్రుడిది అని పంచారు. జాతకానికున్న పన్నెండు ఇళ్లూ దీనికీ కట్టారు. ఏ నక్షత్రంలో పుట్టాడో తెలియనివాడు కూడా ఇసుక చూసి జాతకం చెప్పించుకోవచ్చు.

ఆ పదహారింట్లో పెద్ద శుభమైనది గురుడిది. పైన ఒకే ఒక్క చుక్క, కింద మూడు గీతలు. దాన్ని యవనుల మాటలోనే లహ్యాన్ అంటారు. మన భూపతిగారు పుట్టింది ధనూరాశిలో, దానికి అధిపతి గురుడు. కనుక లహ్యాన్ అంటే తన సొంత రూపేనని ఆయనకు మురిపెం.

ఆ రాజ్యానికంతటికీ ఒకటే పెద్ద చెరువు. దాని తూము తాళంచెవి రాజుగారి దగ్గరే ఉంటుంది. ఏటా ఆషాఢం ముందు కొలువులో రమలం వేసి, ఏదో ఒక మంచి రూపు రాగానే తూము ఎత్తడం తాతల నాటి ఆచారం. మంచి రూపులు చాలానే ఉన్నాయి కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఆ ఏడు రాజుగారు పుల్ల తన చేతికే తీసుకున్నారు. అది బంగారు పుల్ల. తనకు తానే రమలసార్వభౌమ అని బిరుదు ఇచ్చుకుని, నిండు కొలువులో కులదైవం మీద ఒట్టు పెట్టారు. ఏదో ఒక మంచి రూపు వస్తే ఎత్తడానికి ఇదేమన్నా కోమటి కొట్టు తలుపా అన్నారు. తన గురుడు, తన లహ్యాన్, స్వయంగా తీర్పరి పీట మీదికి వచ్చి కూర్చుంటేనే తూము ఎత్తుతానన్నారు. కొలువంతా చప్పట్లు కొట్టింది. కొట్టక చస్తుందా!

లహ్యాన్ రాలేదు. మర్నాడూ రాలేదు. వారం పోయింది, రెండు వారాలు పోయాయి. రాజు రోజూ పొద్దున్నే స్నానం చేసి, పట్టు కట్టి, ఒక్కసారి వేసి, రాలేదని పెదవి విరిచి భోజనానికి లేచేవాడు. ఆయనకేం, అది కాలక్షేపం. వాన జాడ లేదు. చెరువు నిండుగా ఉంది, కాలువ ఎండి ఉంది. రైతుల పాపమే లహ్యాన్‌ను రానివ్వడం లేదని రాజు ఒకరోజు తేల్చేశాడు. చెడ్డమాట చెప్పడానికి రాజులకు శాస్త్రం అక్కర్లేదు లెండి.

ఆ కొలువులో సింగన అని ఒక విదూషకుడు ఉండేవాడు. ఈ రాజు తండ్రి కాలం నుంచీ ఉన్నాడు. నవ్వించి నవ్వించి అలసిపోయిన మనిషి. మోకాళ్ల నొప్పులు, చాలని నిద్ర. కొత్త రాజు పాత హాస్యానికి నవ్వడు, కొత్తది కల్పించే ఓపిక సింగనకు లేదు. ఇంటి నిండా శాలువాలు పేరుకుపోయాయి. భార్య వాటిని గుమ్మడికాయల కింద పరిచేది. ఇక చాలు, ఇంటికి పోయి పడుకుంటానని నాలుగైదు సార్లు అడిగి చూశాడు కూడా. నువ్వు లేకపోతే కొలువుకు కళ ఏదీ అని రాజు వదల్లేదు. ఆ కళ సంగతి రాజు ఆవులింతల్లో కనబడుతూనే ఉండేది.

ఒకరోజు సింగన కోటలోంచి ఇంటికి పోతుంటే గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి అడ్డం వచ్చింది. పేరు గురవమ్మ. కాలువ చివరి భూముల్లో కౌలు చేసుకునే మనిషి. నారు పోసింది. మొదట్లో కుండలతో నీళ్లు మోసి తడిపింది. ఇప్పుడు ఊరబావి కూడా అడుగంటింది. ఆమె ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. కొంగులోంచి నాలుగు నారు మొక్కలు తీసి చూపించింది. కొసలు ఎర్రబడి ఉన్నాయి.

"అయ్యా, మీరు రాజుగారి పక్కన కూర్చుంటారంట గదా. ఇంకో నాలుగు దినాలు చూస్తే ఇది గొడ్లు కూడా తినవు. మళ్లీ పోసుకోడానికి ఇంట్లో గింజ లేదు. ఆ వచ్చేదేందో, అది ఎప్పుడొస్తదో ఒక్కమాట కనుక్కుని చెప్పండి. రాదంటే రాదని చెప్పండి, పిల్లల్ని తోలుకుని ఎటన్నా పోతాం."

సింగనకు ఒళ్లు మండింది. రాజు మీద, కొలువు మీద, చప్పట్లు కొట్టిన తన చేతుల మీద కూడా మండింది. కనుక్కుని చెబుతానని, అటు నుంచి అటే ఆస్థాన రమల పండితుడు సోమావధాని ఇంటికి పోయాడు. రాజుకు రమలం నేర్పింది ఈయనే.

అవధాని తలుపు వేసి, గొళ్లెం పెట్టి, కిటికీ కూడా మూసి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"అది రాదు సింగనా. ఇవాళ కాదు, రేపు కాదు, ఈ జన్మలో రాదు."

లహ్యాన్ తల్లుల్లో రావచ్చు, కూతుళ్లలో రావచ్చు, సాక్షిగా రావచ్చు. తీర్పరి పీట మీద మాత్రం కూర్చోలేదు. అది రమలం కట్టుబాటులోనే ఉంది. ఎందుకో అవధాని ఇసుక పళ్లెం ముందేసుకుని చూపించాడు. సింగనకు ఒక్కసారికే అర్థమైంది. ఇంత తెలిసీ, ఒట్టు పెట్టిన రోజే ఎందుకు చెప్పలేదని అడిగాడు.

అవధాని తల వంచుకున్నాడు. వీణ పిచ్చి ఉన్న ఏడు శ్రుతి తప్పిందని నిండు కొలువులో చెప్పిన సంగీత విద్వాంసుడు ఇప్పుడు ఏనుగుల కొట్టంలో గడ్డి లెక్క చూస్తున్నాడు. తనకు ముగ్గురు పిల్లలున్నారు, గడ్డి పడదు అన్నాడు. పిల్లి మెడలో గంట కట్టమని ఎలుకను తిట్టి లాభమేముంది!

పైగా చిక్కు మరొకటుంది. ఉత్తినే పోయి రాదని చెబితే రాజు వింటాడా? కులదైవం మీద ఒట్టు. తప్పు గురువుదే, శిష్యుడిది కాదని అవధానిని గెంటేసి, ఒట్టు పట్టుకుని అలాగే కూర్చుంటాడు. రాజుకు ఆ జవాబు తనంతట తనకే కావాలనిపించాలి. అలా అనిపించాలంటే ఏం చేయాలా అని సింగన ఆలోచిస్తూ పోయాడు. మోకాళ్లు నొప్పిపుడుతున్నా ఇంటికి పోలేదు, కోట చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

మర్నాడు కొలువులో రాజు పుల్ల అందుకోబోతుంటే సింగన లేచాడు. తనకు శాస్త్రం మీద శ్రద్ధ పుట్టిందన్నాడు. రమలం వేయించుకునేవాళ్లకు ఏవో నియమాలుంటాయంటారు, దేవరవారి నోట వినాలని ఉంది అన్నాడు. రాజుకు అంతకంటే ఏం కావాలి? మీసం దువ్వుకుని గడగడా అప్పగించాడు. తూర్పు ముఖంగా కూర్చోవాలి. మేఘాలున్న రోజు వేయకూడదు. ఇసుక పారే నీటి అడుగుది కావాలి. ప్రశ్న అడిగినవాడు జవాబు వచ్చేదాకా అన్నం గానీ మంచినీళ్లు గానీ ముట్టకూడదు.

"మహాప్రసాదం. మరి ఈ తూము ప్రశ్న అడిగినవాడు ఎవరు ప్రభూ?" అన్నాడు సింగన.

రైతులే, నీళ్లు కావలసింది వాళ్లకే కదా అన్నాడు రాజు. అందుకే వాళ్లు నీళ్లు లేక ఉన్నారు, శాస్త్రం తన పని తాను చేస్తూనే ఉందని నవ్వాడు కూడా. ఎవరో ఇద్దరు నవ్వారు.

సింగన చేతులు జోడించాడు. రైతులు ఏ రూపు వచ్చినా చాలన్నారు, లహ్యానే కావాలని ఒట్టు పెట్టింది దేవరవారు అన్నాడు. పుల్ల దేవరవారి చేతిది, రాశి దేవరవారిది, గురుడు దేవరవారి గురుడు. జాతకంలో మొదటి ఇల్లు అడిగినవాడిది అయితే, ఇందులో మొదటి ఇల్లు దేవరవారిది గాక ఎక్కడో కాలువ చివర కౌలు చేసుకునే గురవమ్మది ఎలా అవుతుంది? రమలసార్వభౌములు ఉండగా ఆ గౌరవం కౌలుదారులకు పోవడం తనకు కష్టంగా ఉందన్నాడు.

గౌరవం అనే మాట వినగానే రాజు వెన్ను నిటారుగా అయింది. అవునా అన్నట్టు అవధాని వైపు చూశాడు. అవధాని వణుకుతూనే, శాస్త్రం అలాగే చెబుతుందన్నాడు. ఆయన జీవితంలో చేసిన సాహసం అదొక్కటే. నిండు కొలువు. వెనక్కి పోవడానికి లేదు. లహ్యాన్ వచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని రాజు అక్కడికక్కడే ప్రకటించి, ఇవాళ వచ్చేదాకా లేవనని పుల్ల పట్టుకున్నాడు.

మొదట్లో ఉత్సాహంగానే సాగింది. రాజు చుక్కలు పొడవడం, అవధాని కలపడం, తీర్పరి పీట మీద ఇంకేదో రూపు రావడం, ఇసుక సర్ది మళ్లీ వేయడం. రెండు ఝాములయ్యేసరికి ఎండ కొలువు మెట్ల మీదికి వచ్చింది. వింజామర వీచేవాళ్లు వంతులు మారారు. మంత్రులు కూర్చునే నిద్రపోయారు. రాజు పెదవులు తడుపుకోవడం మొదలుపెట్టాడు. తడుపుకోవడానికి నోట్లో తడి ఉంటే కదా!

సింగన ఒక మట్టి కూజా, ఒక వెండి చెంబు తెప్పించి రాజుకు కనబడేంత దూరంలో పెట్టుకుని కూర్చున్నాడు. కూజాకు తడిగుడ్డ చుట్టి ఉంది. దాని కింద నేల తడిసి నల్లబడుతోంది. జవాబు రాగానే దేవరవారికి క్షణం ఆలస్యం కాకూడదని సిద్ధం చేశానన్నాడు. రాజు చూపు ఇసుక మీద కంటే ఆ తడినేల మీదే ఎక్కువసేపు నిలిచింది.

మూడో ఝాము దాటింది. రాజు పుల్ల ఇసుకలో గుచ్చి వదిలేశాడు.

"సింగనా, నిజం చెప్పు. ఇది రాదా?"

"రాదు ప్రభూ."

కొలువులో నిద్రపోయేవాళ్లు కూడా లేచారు. సింగన నెమ్మదిగా లేచి, మోకాలు పట్టుకుని ఇసుక పళ్లెం దగ్గర కూలబడ్డాడు. కూతుళ్లంటే తల్లుల్ని అడ్డంగా చదవడమే కదా అన్నాడు. అంటే తల్లుల చుక్కలే మళ్లీ కూతుళ్లలో లెక్కకొస్తాయి. ప్రతి చుక్కా రెండుసార్లు వస్తుంది, కాబట్టి మొత్తం ఎప్పుడూ జంటలే. ఆ తర్వాత కలపడమంటే ఏముంది? చుక్కా చుక్కా ఎదురైతే రెండూ పోయి గీత అవుతుంది. పోయేటప్పుడు కూడా జంటగానే పోతాయి. ఇక ఆఖరికి తీర్పరి దగ్గర మిగిలితే రెండు చుక్కలు మిగలాలి, లేదా నాలుగు మిగలాలి, లేదా ఏమీ మిగలకూడదు. లహ్యాన్‌కు ఉన్నది ఒంటిచుక్క.

"పెళ్లింటి ముందు అందరూ జోళ్లు విడిచి, అందరూ జోళ్లు తొడుక్కుని పోతే ఒంటి చెప్పు ఎలా మిగులుతుంది ప్రభూ? పాపం రైతులది కాదు. రాని చుట్టం కోసం వంట ఆపేసి కూర్చున్నాం."

రాజు పళ్లెం వంక చూశాడు. వేళ్లతో తనే లెక్క వేసుకున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఎంత డాంబికుడైనా తెలివితక్కువవాడు కాదు. లెక్క తేలాక ముఖం ఎర్రబడింది.

"ఇది నీకు ముందే తెలుసు. తెలిసీ నన్ను పొద్దున్నించీ దాహంతో కూర్చోబెట్టావు. మనిషివేనా నువ్వు?"

సింగనకు ఇక భయపడే ఓపిక కూడా లేదు. నలభై రకాల వంకర మాటలు వచ్చిన మనిషి, ఆ పూట తిన్నగానే మాట్లాడాడు.

"దేవరవారికి ఒక పూటే. కాలువ చివర వాళ్లు దేవరవారి మొదటి ఇంట్లో నెలరోజులుగా దాహంతో కూర్చుని ఉన్నారు. వాళ్లకు ఎదురుగా కూజా పెట్టినవాళ్లు కూడా లేరు."

సోమావధాని ఏనుగుల కొట్టం తలుచుకుని కళ్లు మూసుకున్నాడు. రాజు చాలాసేపు సింగన వంక చూశాడు. ఆ తర్వాత ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. గొంతు ఎండి ఉండడం వల్ల అది నవ్వని తెలియడానికి కాస్త సేపు పట్టింది.

నువ్వే గెలిచావు సింగనా అన్నాడు. రానిదాని మీద పెట్టిన ఒట్టు ఒట్టే కాదు, కులదైవం కూడా నవ్వుకుంటుంది, తూము ఎత్తిస్తాను అన్నాడు. కొలువంతా ఊపిరి పీల్చుకుంది. సింగన చెంబులో నీళ్లు వంచి రాజు ముందు పెట్టాడు.

రాజు ఒక చేత్తో చెంబు అందుకోబోతూ, రెండో చేత్తో బంగారు పుల్ల తీశాడు. తూము ఎత్తడానికి ఏ ఘడియ మంచిదో ఒక్కసారి రమలం వేసి చూద్దామన్నాడు.

సింగన చెంబును తన వైపుకు జరుపుకున్నాడు.

రాజు చెయ్యి గాల్లో ఆగింది. చెంబు వంక చూశాడు, పుల్ల వంక చూశాడు, సింగన ముఖం వంక చూశాడు. ఈసారి పగిలిన పెదవులు నొప్పి పెడుతున్నా పొట్ట పట్టుకుని నవ్వాడు. పుల్లను ఇసుకలోకి విసిరేసి, తాళంచెవి మొలలోంచి తీసి, గుర్రం మీద ఎవరు ముందు పోతే వాళ్లకే ఇమ్మన్నాడు. తాళంచెవి గుమ్మం దాటాకే సింగన చెంబు వదిలాడు.

ఆ సాయంత్రమే తూము లేచింది. ఇక మీదట ఆషాఢం రాగానే ముందు నీళ్లు వదలాలని, రమలం వేయాలనిపిస్తే ఆ తర్వాత తీరిగ్గా వేసుకోవాలని రాజు శాసనం చేయించాడు. సింగనకు రత్నాల కడియం తొడిగి, ఇంకో శాలువా కప్పి, ఇంటికి పోయి హాయిగా పడుకోమని సెలవు కూడా ఇచ్చాడు. కావలసినప్పుడు పిలుస్తానన్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఎండిన కాలువ తను తాగాక గానీ ముందుకు వదలదు కదా. నీళ్లు చివరి భూములకు చేరేసరికి మరో రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత కొద్ది రోజులకు గురవమ్మ సింగన ఇంటికి వచ్చింది. అరుగు మీద పడుకున్నవాడల్లా లేచి కూర్చున్నాడు. నారు ఎలా ఉందని అడిగాడు.

"సగం బతికిందయ్యా," అంది గురవమ్మ. ఆ సగమే నాటుకుంటామని, అదే చాలని, పిల్లల్ని తోలుకుని పోయే పని తప్పిందని దండం పెట్టింది.

సింగన కడియం తీసి ఆమె చేతిలో పెట్టాడు, మిగిలిన సగానికి గింజలు కొనుక్కోమన్నాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, మళ్లీ అరుగు మీద వాలుతూ భార్యతో అన్నాడు:

"రాజుగారికి దాహం ఇంకో నాలుగు రోజుల ముందే వేయించి ఉండాల్సింది."